గేమ్ పెట్టెలో టీచర్ గారి శ్రుతి

టీచర్ గారు పోయారు. మోపిదేవి నుంచి వాళ్ళ చెల్లెలు గారు ఫోన్ చేసేసరికి నేను కొట్లో ఒక సెల్‌ఫోన్ బోర్డు కడుగుతున్నాను. నా చేతులు స్పిరిట్‌తో తడిగా ఉన్నాయని మా ఆయనే ఫోనెత్తి నా చెవి దగ్గర పెట్టారు.

"అక్కయ్య పోయిందమ్మా. భోంచేసి నడుం వాల్చింది. మళ్ళీ లేవలేదు" అన్నారావిడ. మా ఆయన షట్టరు సగం దించి, నాకొక స్టూలు తెచ్చి వేశారు.

మర్నాడు పేపర్లో జిల్లా పేజీ అడుగున ఒక చిన్న వార్త వచ్చింది. విశ్రాంత సంగీత ఉపాధ్యాయిని కన్నుమూశారని, ఎందరో ఆడపిల్లలకి పాట నేర్పారని రాశారు. అందులో అబద్ధం ఏమీ లేదు. కానీ చివరి ఏళ్ళలో ఆవిడ ఏ పనిలో మునిగి ఉన్నారో, ఏం సాధించారో ఆ వార్త రాసినవాళ్ళకి తెలియదు. నాకు తెలుసు, ఎందుకంటే అందులో ఎక్కువ భాగం నా బల్ల మీదే జరిగింది.

బందరులో మా ఆయనకీ నాకూ ఒక సెల్‌ఫోన్ రిపేరు కొట్టుంది. కౌంటరు ఆయనది, లోపల బోర్డు పని నాది. మా నాన్న రోల్డ్ గోల్డ్ నగలకి రాళ్ళు పొదిగేవారు. చిన్న వస్తువు మీద చూపు నిలపడం, మణికట్టు బల్లకి ఆనించి ఊపిరి బిగబట్టడం ఆయన దగ్గర నేర్చుకున్నవే. టీచర్ గారు నేను చదువుకున్న ఆడపిల్లల స్కూల్లో సంగీతం చెప్పేవారు. నేనెప్పుడూ సంగీతం క్లాసులో లేను. కానీ పొద్దున ప్రార్థనకి ఆవిడ గొంతెత్తారంటే మైకు అక్కర్లేదు. ఆఖరి వరసలో నిలబడి గుసగుసలాడుకునే మా జట్టుకి కూడా నోళ్ళు మూతపడేవి.

అంతటి గొంతు ఒక ఆపరేషన్‌తో పోయింది. గొంతులో గడ్డ తియ్యాలి, తీస్తే మాట దెబ్బతినొచ్చని డాక్టర్లు ముందే చెప్పారట. ప్రాణం దక్కింది, డాక్టర్లు అన్నట్టే గొంతు పోయింది. చివరికి మిగిలింది గుసగుస. అది కూడా మనిషికి బాగా దగ్గరగా వంగితేనే వినపడేది. ఆవిడ మా కొట్టుకి వచ్చారంటే మేం ముందు ఫ్యాను ఆపేసేవాళ్ళం. ఎండాకాలమైనా అంతే. మేం చెమటలు తుడుచుకుంటుంటే ఆవిడ నొచ్చుకునేవారు.

మొదటిసారి వచ్చినప్పుడు సంచీలోంచి ఒక బూడిదరంగు పెట్టె తీసి కౌంటరు మీద పెట్టారు. అరచేతిలో ఇమిడే పాత వీడియో గేమ్. చిన్న తెర, ఎడమవైపు ప్లస్ గుర్తులాంటి మీట, కుడివైపు రెండు గుండ్రటి బటన్లు, వెనకాల గేమ్ క్యాసెట్ దూర్చే చోటు.

"ఇది పలకట్లేదమ్మాయ్" అన్నారు నాతో.

మా ఆయన దాన్ని తిప్పి చూశారు. "ఇవి మా చిన్నప్పటివండీ. ఇప్పుడెవరూ ఆడట్లేదు. మనవడి కోసమైతే చెప్పండి, ఫోన్లో బోలెడు గేములు ఎక్కించి ఇస్తాను."

"మనవడికి కాదు నాయనా. నాకు."

"మీరు గేమ్ ఆడతారాండీ?"

"ఆడను. పాడిస్తాను" అన్నారు టీచర్ గారు.

ఆ తర్వాత మెల్లగా, మధ్యమధ్య ఊపిరి తీసుకుంటూ సంగతంతా చెప్పారు. అంతకు ముందు నెలలో గుడివాడలో ఒక పాత శిష్యురాలి గృహప్రవేశానికి వెళ్ళారట. అలవాటు కొద్దీ ఎవరో "టీచర్ గారూ, ఒక్క కీర్తన" అన్నారట. అని, నాలిక కరుచుకున్నారట. ఆ గదిలో అందరూ ఒక్కసారిగా వంటల గురించి మాట్లాడ్డం మొదలుపెట్టారట. "అది భరించడమే కష్టమైందమ్మాయ్. పాడలేకపోవడం కాదు" అన్నారు. తిరుగు బస్సులో గుడ్లవల్లేరు దగ్గర ఇంజనీరింగ్ కాలేజీ అమ్మాయి ఒకతె ఎక్కి పక్కన కూర్చుంది. ఆ పిల్ల చేతిలో ఇలాంటి పెట్టే ఉంది. దాని బుల్లి స్పీకరులోంచి సన్నగా, వణుకు లేకుండా ఒక స్వరం వస్తోంది. టీచర్ గారు ఆ పిల్ల చెవి దగ్గరికి వంగి, అదేమిటని అడిగారు. గేమ్ క్యాసెట్ బదులు పాటలు కట్టే క్యాసెట్ పెడితే ఈ పెట్టె వాద్యంలా పనిచేస్తుందని, ఒకేసారి నాలుగు గొంతులు పలుకుతుందని ఆ పిల్ల చెప్పింది. బస్సు బందరు చేరేలోపు టీచర్ గారు ఆ బటన్ల మీద సరిగమలు పలికించేశారు. ఆన్‌లైన్లో పాత సామాన్లు అమ్మేచోట ఒక పెట్టె వెతికి పెట్టిందీ, క్యాసెట్ సంపాదించిందీ ఆ పిల్లే. పార్శిల్‌లో వచ్చిన పెట్టెకి మాత్రం ఊపిరి లేదు.

నేను విప్పి చూశాను. ఎప్పుడో వేసిన బ్యాటరీలు లోపలే కారిపోయి, ఇత్తడి రేకులు పచ్చగా పుచ్చిపోయాయి. టీచర్ గారు తొంగి చూసి "చింతపండు వెయ్యనా?" అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం. వెనిగర్‌తో తుడిచి, స్పిరిట్‌తో కడిగి, బాగా పాడైన రేకు మార్చాను. తెర వెలిగింది కానీ నిలువుగా దువ్వెన పళ్ళలా గీతలు మాయమై ఉన్నాయి. తెర అడుగున బోర్డుకి అతికిన సన్నటి పట్టీ ఉంటుంది. సోల్డరింగ్ ఐరన్ వేడి తగ్గించి ఆ పట్టీ అంచు మీద నెమ్మదిగా రాస్తే ఊడిన అతుకులు మళ్ళీ పట్టుకుంటాయి. నేను ఐరన్ పట్టుకుని రాస్తుంటే ఒక్కో గీతా తిరిగి వస్తోంది. ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి, గీత వచ్చినప్పుడల్లా చిన్నగా నొక్కారు.

అక్కడితో ఆగి ఉంటే ఆవిడ మా కస్టమర్లలో ఒకరుగా మిగిలిపోయేవారు. ఆవిడ ఆగలేదు.

వారం తిరక్కుండానే మళ్ళీ వచ్చారు. "వెనకాల ఎవరో ఊదుతున్నారు" అన్నారు. నేను స్పీకరు తగిలించి విన్నాను. నాకేం వినపడలేదు. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, పాటలో ఖాళీ వచ్చినచోట ఆపించి "ఇప్పుడు విను" అన్నారు. నిజమే, ఖాళీలో సన్నటి ఝూ అనే గోల ఉంది. దాన్ని పట్టుకుని వెతికితే, శబ్దాన్ని పెద్దది చేసే భాగంలోనే ఆ గోల కలుస్తోందని తేలింది. ఆ భాగం చేరకముందే, వాల్యూమ్ చక్రం దగ్గరే రెండు తీగలు అతికి బయటికి తెస్తే శబ్దం శుభ్రంగా వస్తుంది. ఆ సంగతి ఇంటర్నెట్లో ఎవరో విదేశీయులు పెట్టిన వీడియోల్లో ఉంది. ఆ వీడియోల్ని ఇద్దరం కలిసి చూసేవాళ్ళం. వాళ్ళ మాటలు టీచర్ గారు పట్టుకునేవారు, వాళ్ళ చేతుల కదలిక నేను పట్టుకునేదాన్ని.

"ముందు విను. తర్వాత విప్పు." ఇది ఆవిడ నాకు నేర్పిన పద్ధతి. అప్పటిదాకా నేను ఏ వస్తువు వచ్చినా ముందు స్క్రూలు తీసేదాన్ని.

ఆ తీగలు తానే అతుకుతానని ఆవిడ పట్టుబట్టారు. అరవై దాటిన మనిషి, చేతికి కాస్త వణుకు. మా నాన్న చెప్పినట్టు మణికట్టు ఆనించమన్నాను, ఊపిరి బిగబట్టమన్నాను. "ఊపిరి సంగతి నాకు చెప్తావా?" అన్నట్టు ఒక చూపు చూశారు. పాత బోర్డుల మీద సాధన చేయించాను. మొదటి పెట్టెని మాత్రం ఇద్దరం కలిసి పాడుచేశాం. ఆవిడ ఐరన్ ఎక్కువసేపు ఉంచారు, నేను తియ్యమని చెప్పడం ఆలస్యం చేశాను, బోర్డు మీది రాగి గీత లేచిపోయింది. నాకు చాలా బాధేసింది. ఆవిడ ఆ లేచిన గీతని భూతద్దంలో చూసి, "మొదటి రోజు సరళీ వరసలు కూడా ఇలాగే వస్తాయిలే" అని, సంచీ సర్దుకుని వెళ్ళిపోయారు. కొన్నాళ్ళకి ఇంకో పెట్టె తెప్పించుకుని వచ్చారు. ఈసారి అతుకు ముత్యంలా కూర్చుంది.

అప్పట్నుంచి వారానికి రెండుమూడు సార్లు వచ్చేవారు. లోపల నా బల్ల పక్కన ఆవిడకో కుర్చీ ఏర్పడింది. మేం తాగే టీలో చక్కెర ఎక్కువని ఆవిడ ఫిర్యాదు. అయినా గ్లాసు ఖాళీ చేసేవారు. రంజాను నెలలో మాత్రం మా కొట్లో మంచినీళ్ళు కూడా ముట్టేవారు కాదు. "మీరు తాగండి టీచర్ గారూ, మాకేం కాదు" అంటే, "నాకు దాహం లేదు" అని మండుటెండలో అబద్ధం చెప్పేవారు.

ఆ పెట్టెలో నాలుగు గొంతులు అన్నానుగా. వాటిలో రెండు చురుగ్గా పలుకుతాయి. ఒకటి మెత్తగా, మనం ఎలా మలిస్తే అలా ఉంటుంది. నాలుగోది ఉత్త గాలి, స్వరం లేదు. ఆవిడ మొదటి రెంటినీ "ఆడపిల్లలు" అనేవారు. మూడోదాన్ని తంబూరా చేశారు. నాలుగోదాన్ని మృదంగం చెయ్యాలని రోజుల తరబడి తంటాలుపడి, చివరికి "ఇది వానలాగే పలుకుతుంది. సరే, వాననే తాళం వెయ్యమందాం" అని రాజీపడ్డారు.

ఆవిడని అన్నిటికన్నా ఏడిపించింది గమకం. పెట్టెలో స్వరాలు మెట్లలా ఉంటాయి. ఒకదాని మీంచి ఇంకోదాని మీదకి దూకడమే తప్ప జారడం ఉండదు. మన పాటంతా ఆ జారడంలోనే ఉందట. ఎన్ని రోజులు ఆ బటన్లు నొక్కారో! ఒకనాటి మధ్యాహ్నం ఆ క్యాసెట్లోనే స్వరాన్ని జార్చే ఆజ్ఞ ఒకటుందని కనిపెట్టి, దాన్ని తిప్పి మళ్ళీ తిప్పి, ఒక్క స్వరాన్ని ఊయలలా ఊపారు. కౌంటరు దగ్గర బేరమాడుతున్న మనిషి బేరం మానేసి లోపలికి చూశాడు.

మా ఆయన ఉండబట్టలేక ఒకసారి అడిగారు. "టీచర్ గారూ, ఫోన్లో యాప్‌లున్నాయండి. వీణ, వయొలిన్, ఏది కావాలంటే అది. మనిషి పాడినట్టే వస్తుంది. దీంతో ఇంత తిప్పలెందుకండీ?"

ఫ్యాను ఆపిన నిశ్శబ్దంలో ఆవిడ ఇలా అన్నారు: "అవన్నీ ఇంకొకళ్ళ గొంతులు నాయనా. ఇది ఎవరి గొంతూ కాదు. అందుకని నాది చేసుకోవచ్చు."

ఆ తర్వాత మా ఆయన ఆ మాట ఎత్తలేదు. పాత గేమ్ పెట్టెలు ఎక్కడ కనపడినా తెచ్చి నా బల్ల కింద పెట్టడం మొదలుపెట్టారు.

శ్రుతి సంగతి చెప్పకపోతే ఆవిడ గురించి చెప్పినట్టు కాదు. ఆవిడ పాడే రోజుల్లో శ్రుతి, హార్మోనియం మెట్ల లెక్కలో, ఐదుకి కాస్త కిందుగా ఉండేదట. "కాస్తంటే ఎంతండీ?" అంటే, "వెంట్రుకవాసి" అన్నారు. పెట్టెలో ఐదు ఉంది, నాలుగున్నర ఉంది, వాటి మధ్య ఏమీ లేదు. ఆ పెట్టె ఎంత వేగంతో నడవాలో నిర్ణయించే క్రిస్టల్ అనే చిన్న ముక్క బోర్డు మీద ఉంటుంది. దాన్ని పీకేసి, వేగం మార్చుకునే చిప్పు ఒకటీ, దానికి ఒక నాబ్ పెడితే, స్వరాన్ని ఎక్కడ కావాలంటే అక్కడ నిలపొచ్చు. పాట వేగం కూడా దాంతో పాటే మారుతుంది, దానికి ఆవిడ ఒప్పుకున్నారు. చిప్పు అతకడం నేను చేశాను, నాబ్ కోసం పెట్టె పక్కన రంధ్రం పెట్టి, తీగలు అతకడం ఆవిడ చేశారు.

అది పూర్తయిన రోజు నాకు బాగా గుర్తుంది. షడ్జమం ఒక్కటే మోగుతోంది. ఆవిడ నాబ్‌ని వేలి చివరతో తిప్పుతున్నారు. స్వరం కిందకి, ఇంకాస్త కిందకి, మళ్ళీ ఒకింత పైకి. ఒకచోట వేలు ఆగింది. కళ్ళు మూసుకున్నారు. పెదాలు విడివడ్డాయి, ఆవిడ లోపల ఆ స్వరాన్ని అందుకున్నారని నాకు అర్థమైంది, బయటికి గాలి తప్ప ఏమీ రాలేదు. రెండో చెయ్యి గొంతు మీద వేసుకుని "ఇక్కడుండేది" అన్నారు. నేను తల దించుకుని బల్ల తుడవడం మొదలుపెట్టాను. అది అప్పటికే శుభ్రంగా ఉంది.

ఆపరేషన్ తర్వాత ఇంటి దగ్గర పాట నేర్చుకునే పిల్లలు ఒక్కొక్కరే మానేశారు. ఇద్దరు మాత్రం మిగిలారు. ఇప్పుడు పెట్టె పాడితే ఆ పిల్లలు అందుకునేవాళ్ళు, ఆవిడ వేలు పైకీ కిందకీ చూపిస్తూ దిద్దేవారు. వాళ్ళలో ఒక పిల్ల తల్లి మా కొట్టుకే వచ్చి నన్ను నిలదీసింది. "ఏవమ్మా, ఆవిడ మా పిల్లకి సంగీతం చెప్తున్నారా, వీడియో గేమ్ నేర్పుతున్నారా?"

"మీరే ఒకసారి వెళ్ళి కూర్చోండి. వినండి. నచ్చకపోతే మానిపించేద్దురు గాని" అన్నాను.

ఆవిడ వెళ్ళి కూర్చుందని తర్వాత తెలిసింది. ఏమనుకుందో ఎవరికీ చెప్పలేదు కానీ, మరుసటి వారం నుంచి తన రెండో పిల్లని కూడా పంపింది.

కీర్తనలూ వర్ణాలూ అయ్యాయి. ఇవన్నీ ఒక ఎత్తు. ఆవిడ మనసులో ఉన్నది వేరే. ఒకరోజు పెట్టె తీసి, అంతవరకూ నేను వినని వరస ఒకటి వినిపించారు. రాగం పేరు అడిగితే "పేరు లేదు. మా అమ్మది" అన్నారు. వాళ్ళమ్మ గారు పిల్లల్ని నిద్రపుచ్చుతూ పాడిన జోలపాట. వరస పోకుండా మిగిలింది కానీ మాటలు ఆవిడకి గుర్తు లేవు. చిన్నతనంలోనే సంగీతం కోసం బందరు వచ్చేశారు, తర్వాత ఉద్యోగం. ఊళ్ళో మిగిలింది చెల్లెలు. వాళ్ళమ్మ చాలాకాలం మంచానపడితే చూసుకున్నది ఆ చెల్లెలే. తల్లి పోయిన రోజు టీచర్ గారు వెళ్ళేసరికి అన్నీ అయిపోయాయి. "నీ పాటలు నీకున్నాయిగా, వెళ్ళు" అన్నదట చెల్లెలు. ఆ మాట ఇద్దరి మధ్యా ఉండిపోయింది. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే బాగున్నావా అంటే బాగున్నావా అనుకోవడం, అంతే.

"ఆపరేషన్ అయ్యాక ఒకసారి ఫోన్ చేసింది. ఆ సంగతి దానికి తెలియదు. నేను మాట్లాడాను. దానికి వినపడలేదు. 'ఇంకా కోపమేనా' అని పెట్టేసింది" అన్నారు టీచర్ గారు. అది చెప్పేటప్పుడు ఆవిడ నా వైపు చూడలేదు. బల్ల మీద పడి ఉన్న స్క్రూలని ఒక్కొక్కటే పెట్టెలో వేస్తున్నారు.

"వెళ్దాం పదండి" అన్నాను.

"పెట్టె మొండికేస్తే?"

"నేనూ వస్తాగా."

మోపిదేవిలో వాళ్ళ చెల్లెలు గారి ఇల్లు గుడికి కొంత దూరంలో ఉంది. మేం వెళ్ళేసరికి ఆవిడ పెరట్లో అంట్లు కడుగుతున్నారు. తడి చేతులు చెంగుకి తుడుచుకుంటూ వచ్చి, అక్కని చూసి "రా" అన్నారు. నన్ను చూసి "మీరెవరమ్మా?" అన్నారు.

"బందరులో రిపేరు కొట్టండీ. టీచర్ గారి స్టూడెంట్‌ని" అన్నాను. టీచర్ గారు నా వైపు తిరిగి నవ్వారు. క్లాసులో ఏ రోజూ కూర్చోకపోయినా, ఆ మాట నిజమేనని ఇద్దరికీ తెలుసు.

కాఫీలు వచ్చాయి. టీచర్ గారు ఏదో అన్నారు.

"ఏంటీ? గట్టిగా చెప్పు" అన్నారు చెల్లెలు.

టీచర్ గారు మళ్ళీ అన్నారు. మెడ నరాలు తేలాయి కానీ మాట బయటికి రాలేదు.

"అంతకన్నా గట్టిగా రాదండీ" అన్నాను నేను.

చెల్లెలు గారు చేతిలో గ్లాసు అలాగే పట్టుకుని అక్క మొహంలోకి చూశారు. మెడ మీద కోసిన గుర్తు చూశారు. "ఫోన్లో... అందుకనా?" అన్నారు. టీచర్ గారు తలూపారు. చెల్లెలు గారు గ్లాసు కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయారు. గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపించింది. చాలాసేపు సర్దారు.

ఈలోగా టీచర్ గారు పెట్టె తీశారు. స్విచ్చి వేస్తే తెర ఒక్కసారి మెరిసి ఆరిపోయింది. మళ్ళీ వేశారు, అంతే. దారంతా బాగానే పనిచేసింది. నా దగ్గర ఐరన్ లేదు, స్పిరిట్ లేదు. నేను క్యాసెట్ పీకి మళ్ళీ పెట్టబోయాను. ఆవిడ నా చెయ్యి పట్టి ఆపారు. పెట్టెని చెవి దగ్గర పెట్టుకుని స్విచ్చిని చాలా నెమ్మదిగా జరిపారు. లోపల గరగర. "ఇదే" అన్నట్టు స్విచ్చి మీద వేలితో తట్టారు. స్విచ్చిలో మట్టి చేరితే కరెంటు సరిగ్గా అందదు. విప్పకుండా చెయ్యగలిగింది ఒక్కటే, దాన్ని అటూ ఇటూ అదే పనిగా జరపడం. ఆవిడ ఓపిగ్గా జరుపుతూ కూర్చున్నారు, తలుపు గడియకి నూనె పట్టించినంత తీరుబడిగా. తెర వెలిగి, వెలిగే ఉంది.

జోలపాట మొదలైంది. లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. చెల్లెలు గారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. పాట అయిపోయేవరకూ కదల్లేదు. అయ్యాక ఆవిడ అన్న మొదటి మాట ఇది:

"అలా కాదు. మధ్యలో సాగదీశావే, అక్కడ అమ్మ ఆగేది."

టీచర్ గారు తల అడ్డంగా ఊపారు. "అది సాగే చోటు" అన్నారు.

"నువ్వున్నప్పుడు సాగేదేమో. నువ్వెళ్ళాక ఆగేది. నా పిల్లని ఉయ్యాల్లో వేసి పాడేది కదా, అక్కడికొచ్చేసరికి దగ్గొచ్చేది. దగ్గి, ఊపిరి తీసుకుని, మళ్ళీ అందుకునేది. పిల్ల కూడా అక్కడ కళ్ళు తెరిచి చూసేది, మళ్ళీ పాడుతుందా లేదా అని. నాకు పాట రాదు. కానీ అది మాత్రం నాకు తెలుసు."

టీచర్ గారు పెట్టెని ఒళ్ళోకి తీసుకుని, తెరకి మొహం దగ్గరగా పెట్టి, ఆ చోట ఒక ఖాళీ పెట్టారు. వినిపించారు. చెల్లెలు గారు "ఇంకొంచెం" అన్నారు. ఇంకొంచెం పెంచారు. "ఆ. అంతే" అన్నారు చెల్లెలు గారు. మళ్ళీ మొదట్నుంచి మోగుతుంటే, గుమ్మానికి ఆనుకుని, శ్రుతికి ఆమడ దూరంలో, మాటలు అందుకున్నారు.

"కాలవ దాటి కబురొచ్చింది, కళ్ళు మూయమ్మా
కరకట్ట ఎక్కి గాలొచ్చింది, కదలక పడుకోమ్మా..."

ఖాళీ వచ్చినచోట ఆగారు. ఊపిరి తీసుకుని మళ్ళీ అందుకున్నారు. టీచర్ గారి కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోలేదు, చేతులు పెట్టె మీదున్నాయి.

ఆ తర్వాత ఆవిడ సగం రోజులు మోపిదేవిలోనే. పోనుపోను బందరు రావడం తగ్గింది. వచ్చినప్పుడు మాత్రం నా పక్కన కుర్చీలో కూర్చుని, గుడ్లవల్లేరు కాలేజీ పిల్లలు ఆ బస్సు అమ్మాయి ద్వారా పంపే పాత పెట్టెలు బాగుచేసేవారు. ఒకసారి ఒక పెట్టె ఎంతకీ శ్రుతిలో నిలవకపోతే నేను విసుక్కున్నాను. "దాన్ని తిట్టకు. తనకి తెలిసింది అది పాడుతోంది. తెలియంది మనం చెప్పాలి" అన్నారు. స్కూల్లో వరస తప్పిన పిల్లల గురించి కూడా ఆవిడ అలాగే అనేవారని పాత శిష్యురాలు ఒకావిడ ఈమధ్య నాకు చెప్పింది.

కబురు అందిన సాయంత్రమే నేనూ మా ఆయనా మోపిదేవి వెళ్ళాం. ఆవిడ మొహం ప్రశాంతంగానే ఉంది. గొంతు మీది గుర్తు కనపడకుండా చెల్లెలు గారు చెంగు సర్దారు. అంతా అయ్యాక నన్ను పక్కకి పిలిచి, "బ్యాటరీలు మార్చడం ఎలాగో నాకు చూపించి వెళ్ళమ్మాయ్. మా మనవరాలు పాట వింటే గాని పడుకోవట్లేదు" అన్నారు. చూపించాను. రెండుసార్లు తిరగేసి వేశారు, మూడోసారి సరిగ్గా వేశారు. క్యాసెట్ లోపల ఇంకో చిన్న బ్యాటరీ ఉంటుందని, అది అయిపోతే పాటలు చెరిగిపోతాయని, ఏటా నా దగ్గరికి తేవాలని చెప్పాను. "నువ్వే రా" అన్నారు. వెళ్తాను.

జోలపాట రోజు తిరుగు ప్రయాణం గురించి చెప్పి ముగిస్తాను. చెల్లెలు గారు మమ్మల్ని బస్సెక్కించడానికి వచ్చారు. స్టాపులో సిమెంటు బల్ల మీద అక్కాచెల్లెళ్ళు కూర్చున్నారు, నేను పక్కన నిలబడ్డాను. రోడ్డు మీద ఆటోల రొద, యాత్రికుల గోల. టీచర్ గారు పెట్టెకి ఇయర్‌ఫోన్లు తగిలించి, ఒకటి తన చెవిలో, ఒకటి చెల్లెలి చెవిలో పెట్టారు. తీగ పొట్టిది కావడంతో ఇద్దరి తలలూ దగ్గరకి జరిగాయి, తెల్లబడ్డ జుట్టుకి తెల్లబడ్డ జుట్టు తగిలింది. ఏం వింటున్నారో నాకు వినపడలేదు. బందరు బస్సు వచ్చి ఆగింది. కండక్టరు మెట్టు మీద నిలబడి "బందరు, బందరు" అని కేకేశాడు. ఇద్దరిలో ఒక్కరూ తలెత్తలేదు. నేను వెళ్ళమని కండక్టరుకి చెయ్యి ఊపాను.